కారులో అదనపు డిజిటల్ మీటర్: ఈసీయూ పక్కన వైరు కలిపే ముందు ఏం తెలుసుకోవాలి?

ఇప్పుడొస్తున్న చిన్న కార్లలో చాలావాటికి టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీలం లైటు, మరిగినప్పుడు ఎర్ర లైటు. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతోందో డ్రైవర్‌కి కనపడదు. ఎర్ర లైటు చూసి బండిని పక్కకి తీసేలోపు ఒక్కోసారి హెడ్ గ్యాస్కెట్ పోయి ఉంటుంది. అందుకే రోజుకి పది, పన్నెండు గంటలు క్యాబ్ తోలేవాళ్లు చాలామంది స్టీరింగ్ పక్కన ఒక అదనపు డిజిటల్ మీటర్ పెట్టించుకుంటున్నారు. ఇంజన్ వేడి, బ్యాటరీ వోల్టేజి, ఆర్‌పీఎం, స్పీడు అన్నీ అంకెల్లో కనిపిస్తాయి. సరుకు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గంటలో బిగించి ఇస్తామనే షాపులకీ కొదవ లేదు.

బిగించడం నిజంగానే గంట పని. ఆ మీటర్ లెక్క ఎక్కడి నుంచి తీసుకుంటోందన్నది మాత్రం ఎవరూ అడగరు. మా మామూ కూడా అడగలేదు.

ఆయనది సెకండ్ హ్యాండ్ పెట్రోల్ సెడాన్, క్యాబ్‌లో తిరుగుతుంది. ఎండాకాలం ముందు ఒక డిజిటల్ మీటర్ పెట్టించాడు. "చూడు బేటా, ఇంత ఎండలో కూడా డెబ్బై దాటట్లేదు" అని నాకు చూపించి మురిసిపోయాడు. రెండు వారాలకి చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0128 కోడ్ వచ్చింది. ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని దాని అర్థం. థర్మోస్టాట్ వాల్వు మార్చారు. మళ్లీ అదే లైటు. మైలేజీ కూడా పడిపోయింది. మే నెలలో ఒక మధ్యాహ్నం శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్యాసింజర్‌ని దింపి, పెట్రోల్ కలిసొస్తుందని ఏసీ ఆపి తిరిగొస్తున్నాడు. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. మీటర్ అప్పుడు కూడా 95 చూపిస్తోందట. హెడ్ దింపి పని చేయించేసరికి పది రోజుల డ్యూటీ పోయింది.

తర్వాత ఇంకో షాపులో పెద్దాయన ఒకరు డ్యాష్‌బోర్డ్ కింద నుంచి వైరు పట్టుకుంటూ వెళ్లి చూశారు. కొత్త మీటర్ వైరుని ఇంజన్ టెంపరేచర్ సెన్సర్ వైరుకి గీకి చుట్టి, టేపు వేసి ఉంది. "మీటర్ మంచిదే. కలిపిన చోటే తప్పు" అన్నారాయన. ఆ ఒక్క మాట అర్థం చేసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అది తెలిస్తే మిగతా వైరింగ్ అంతా సులువు.

ఒకే సెన్సర్‌కి ఇద్దరు యజమానులు

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తనంతట తాను వోల్టేజి పుట్టించదు. అది వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గిపోయే చిన్న ముక్క, అంతే. బాగా వాడుకలో ఉన్న ఒక రకం సెన్సర్‌కి 20 డిగ్రీల దగ్గర 3,500 ఓమ్స్ ఉంటే, 90 డిగ్రీల దగ్గర 240 ఓమ్స్ ఉంటుంది. ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, తన లోపలున్న ఒక రెసిస్టర్ ద్వారా ఈ సెన్సర్‌కి 5 వోల్టులు పంపిస్తుంది. వైరు మీద ఎన్ని వోల్టులు మిగిలాయో చూసి వేడి ఎంతో లెక్క కడుతుంది.

లోపలి రెసిస్టర్ 2,200 ఓమ్స్ అనుకోండి. ఇంజన్ 90 డిగ్రీల్లో ఉంటే వైరు మీద సుమారు 0.49 వోల్టులు ఉంటాయి. ఇప్పుడు అదే వైరుకి అలాంటి రెసిస్టరే ఉన్న మీటర్‌ని కలిపారు. సెన్సర్ ఒకటే, కరెంటు మాత్రం రెండు వైపుల నుంచి వస్తోంది. వైరు మీద వోల్టేజి దాదాపు 0.9కి పెరుగుతుంది. రెండో మీటర్ సంగతి ఈసీయూకి తెలీదు కదా. అది తన పాత లెక్క ప్రకారం సెన్సర్ రెసిస్టెన్స్ 480 ఓమ్స్ అనుకుంటుంది, అంటే ఇంజన్ 70 డిగ్రీల దగ్గరే ఉందనుకుంటుంది. మీటర్ కూడా అదే వోల్టేజి చూస్తోంది కాబట్టి అదీ 70 అనే చూపిస్తుంది. రెండూ ఒకే అబద్ధం చెబుతుంటే డ్రైవర్‌కి అనుమానం రావడానికి దారే లేదు.

ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకున్న ఈసీయూ పెట్రోల్ ఎక్కువ కొడుతుంది, మైలేజీ పడిపోయింది అందుకే. థర్మోస్టాట్ సరిగా మూసుకోవడం లేదేమో అనుకుని పి0128 కోడ్ రాస్తుంది. అసలు ప్రమాదం రేడియేటర్ ఫ్యాన్‌తో. 97 డిగ్రీల దగ్గర తిరగాల్సిన ఫ్యాన్, ఈ జాయింట్ ఉన్న బండిలో అసలు వేడి 120 దాటితే గానీ తిరగదు. అప్పటికి రేడియేటర్ మూత కింద నీళ్లు మరగడం మొదలై ఉంటుంది. ఇన్ని రోజులు ఎందుకు బయటపడలేదంటే, ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు చాలా కార్లలో ఫ్యాన్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. ఏసీ ఆపిన రోజు, గాలి తగలని ట్రాఫిక్‌లో బండి నిలబడింది.

రెసిస్టర్ విలువలు బండిని బట్టి, మీటర్ని బట్టి మారతాయి. తప్పు ఎంత అనేది మారుతుంది కానీ తప్పు మాత్రం తప్పదు. మీటర్ సెన్సర్‌ని 5 బదులు 12 వోల్టులతో నడిపే రకం అయితే పరిస్థితి ఇంకా అధ్వానం. నేను బీకాం చదివినవాణ్ణి కాబట్టి నాకు ఇలా అర్థమైంది: ఖాతా స్టేట్‌మెంట్ కావాలంటే బ్యాంకుని అడగాలి, కౌంటర్ లోపల చెయ్యి పెట్టి డబ్బు లెక్కపెట్టుకోకూడదు.

అంటే టెంపరేచర్ చూడటానికి పద్ధతులు రెండే. ఒకటి, ఈసీయూ ఇప్పటికే కట్టిన లెక్కని దాన్నే అడిగి తీసుకోవడం. రెండు, మీటర్‌కి సొంత సెన్సర్ వేరుగా పెట్టడం. రేడియేటర్ పై పైపు మధ్యలో బిగించే అల్యూమినియం అడాప్టర్లు దొరుకుతాయి, మీటర్‌తో వచ్చే సెన్సర్ని దానికి బిగిస్తారు. ఆయిల్ ప్రెషర్‌కి ఈ రెండో పద్ధతే దిక్కు. ఎందుకంటే చాలా కార్లలో ఉండేది ప్రెషర్ పోయినప్పుడు లైటు వెలిగించే స్విచ్చి మాత్రమే, అంకె ఈసీయూకే తెలీదు. అలాంటప్పుడు టీ ఆకారం ఫిట్టింగ్ వేసి, కంపెనీ స్విచ్చిని అలాగే ఉంచి పక్కన కొత్త సెన్సర్ పెట్టాలి. స్విచ్చి పీకేసి ఆ రంధ్రంలో కొత్తది పెట్టారంటే, ఎర్ర నూనె డబ్బా లైటు ఇక ఎప్పటికీ హెచ్చరించదు.

ఓబీడీ సాకెట్‌లో ఏముంది?

ఈసీయూని అడగడానికి దారి స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్. దాన్నే ఓబీడీ పోర్ట్ అంటారు. అమెరికాలో అమ్మే కార్లకి 1996 నుంచి తప్పనిసరి చేశారు. మన దేశంలో బీఎస్ 4తో పాటు 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చాయి. మీ బండి 2013 తర్వాతిదైతే ప్లగ్ పెట్టి వాడే మీటర్ దాదాపు ఖాయంగా పనిచేస్తుంది.

ఆ పదహారు పిన్నుల్లో మనకి కావాల్సినవి కొన్నే. 16వ పిన్ను నేరుగా బ్యాటరీ ప్లస్. 4, 5 పిన్నులు ఎర్త్. 6వది క్యాన్ హై, 14వది క్యాన్ లో. పాత బండ్లలో 7వ పిన్ను మీద కె-లైన్ అనే ఒంటి వైరు ఉంటుంది. అది నిమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి అంకెలు కొంచెం ఆగి ఆగి మారతాయి, మీటర్ చెడిపోయిందని తిరిగిచ్చేయకండి.

క్యాన్ అనేది బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి. ఈసీయూ, ఏబీఎస్, మీటర్ బోర్డు లాంటివన్నీ మెలి తిప్పిన ఒక జత వైర్ల మీదే మాట్లాడుకుంటాయి. మీటర్ "వేడి ఎంత?" అని అడిగితే ఈసీయూ ఒక అంకె పంపుతుంది. అందులోంచి 40 తీసేస్తే డిగ్రీలు. 134 వస్తే 94 డిగ్రీలన్నమాట. ఆర్‌పీఎం అయితే వచ్చిన అంకెని 4తో భాగిస్తారు. సెన్సర్ వైరుని ఎవరూ ముట్టుకోలేదు, ఈసీయూ లెక్క చెడలేదు.

రెడీమేడ్ ప్లగ్ మీటర్ వాడేవాళ్లకి ఇంతే చాలు. పెద్ద స్క్రీన్ డ్యాష్ తెచ్చి, క్యాన్ వైర్లకి నేరుగా జాయింట్ వేయించేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. ఈ జత వైర్ల రెండు చివరలా 120 ఓమ్స్ రెసిస్టర్ ఒక్కొక్కటి ఉంటుంది. బ్యాటరీ మైనస్ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే సుమారు 60 ఓమ్స్ రావాలి. కొన్ని డ్యాష్‌లలో ఇలాంటి 120 ఓమ్స్ రెసిస్టర్ ముందే పెట్టి ఉంటుంది. అలాగే కలిపేస్తే 60 కాస్తా 40కి పడిపోతుంది, వైర్ల మీద సిగ్నల్ బలహీనపడుతుంది. డ్యాష్ వెనక చిన్న స్విచ్చితోనో, మెనూలోనో దాన్ని ఆఫ్ చేయాలి. మధ్యలో గేట్‌వే ఉన్న కొత్త కార్లలో రీడింగ్ వేరుగా రావచ్చు. అందుకని కలపకముందు ఎంత వచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకోండి. కలిపిన తర్వాత కూడా దాదాపు అంతే రావాలి. డ్యాష్‌కి వెళ్లే కొమ్మ వైరు పొట్టిగా ఉండాలి, ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి మెలి తిప్పి ఉండాలి.

స్పీడ్ సెట్టింగ్ కూడా సరిపోవాలి. కార్లలో ఇంజన్ క్యాన్ సాధారణంగా సెకనుకి 5 లక్షల బిట్ల వేగంతో నడుస్తుంది. కొన్ని రేసింగ్ డ్యాష్‌లు 10 లక్షల మీద సెట్ చేసి వస్తాయి. తప్పు వేగంతో కలిపితే ఆ డ్యాష్ ఊరుకోదు, వినిపించిన ప్రతి మాటనీ తప్పు అనుకుని అడ్డం కొడుతుంది. ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ఇంజన్ లైట్లు అన్నీ ఒకేసారి వెలిగితే సగం సార్లు ఇలాంటిదే కారణం. డ్యాష్‌లో వినడానికి మాత్రమే అనే సెట్టింగ్ ఉంటే, మొదట అందులో పెట్టి చూడటం మేలు.

ఆర్‌పీఎం తేడాగా చూపిస్తే

పాత బండ్లలో ఇగ్నిషన్ కాయిల్ మైనస్ నుంచి వైరు తీసి ఆర్‌పీఎం చూపించేవారు. ఆ వైరు మీద స్పార్క్ పడే క్షణంలో వందల వోల్టులు ఉంటాయి. దానికి తట్టుకునే ఇన్‌పుట్ లేని మీటర్ ఒక్క దెబ్బకి పోతుంది. సిలిండర్ల సెట్టింగ్ చూడటం కూడా మర్చిపోతారు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకి రెండుసార్లు స్పార్క్ ఇస్తుంది, మూడు సిలిండర్లది ఒకటిన్నర సార్లు. మన రోడ్ల మీద మూడు సిలిండర్ల కార్లే బోలెడు. వాటికి మీటర్‌ని నాలుగు మీద వదిలేస్తే 3,000 తిరుగుతున్న ఇంజన్‌కి 2,250 చూపిస్తుంది.

స్పీడు తేడా గురించి కూడా ఫోన్లు వస్తుంటాయని షాపువాళ్లు చెప్పారు. కంపెనీ మీటర్ 100 అంటే కొత్తది 95 అంటుంది, ఏది కరెక్టు? అంతర్జాతీయ నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు స్పీడు కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు, అదీ పది శాతం మీద ఇంకో 4 కిలోమీటర్ల వరకు. అంటే బండి 80లో పోతుంటే ముల్లు 92 వరకు చూపినా తప్పు కాదు. అందుకే కంపెనీలు కావాలనే కాస్త ఎక్కువ చూపిస్తాయి. ఈసీయూ నుంచి వచ్చే అంకె సాధారణంగా అసలు స్పీడుకి దగ్గరగా ఉంటుంది. టైరు సైజు మార్చి ఉంటే మాత్రం అదీ తప్పుతుంది.

కరెంటు ఎక్కడ నుంచి తీసుకోవాలి?

మీటర్ వాడేది చాలా తక్కువ కరెంటు. కానీ మంటలు వచ్చేది మీటర్ తినే కరెంటు వల్ల కాదు. వైరు ఎక్కడో రాసుకుని బాడీకి తగిలితే, బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు. సన్న వైరు ఎర్రగా కాలి, పక్కనున్న హార్నెస్ అంతా అంటుకుంటుంది. దీనికి మందు కొద్ది రూపాయల ఫ్యూజు. 2 లేదా 3 ఆంపియర్లది చాలు. అది మీటర్ దగ్గర కాదు, కరెంటు తీసుకున్న చోటికి ఆనుకుని ఉండాలి. మధ్యలో షార్ట్ అయితే మీటర్ దగ్గరున్న ఫ్యూజుకి ఆ సంగతే తెలీదు. కంపెనీ వైరు కోయకుండా ఫ్యూజు బాక్సులోనే గుచ్చే ట్యాప్‌లు వస్తున్నాయి. సిగరెట్ లైటర్, స్టీరియో లైన్ల నుంచి తీసుకోండి. ఈసీయూ, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజుల జోలికి పోవద్దు.

ఎర్త్ కూడా పెయింట్ మీద స్క్రూ బిగిస్తే సరిపోదు. సొంత ప్రెషర్ సెన్సర్ పెట్టినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. 10 బార్‌కి 4 వోల్టుల తేడా చూపే సెన్సర్‌లో, ఎర్త్ దగ్గర 0.1 వోల్టు పోతే పావు బార్ తప్పు చూపిస్తుంది. సెన్సర్ ఎర్త్, మీటర్ ఎర్త్ ఒకే చోట కలవాలి.

ఓబీడీ పోర్ట్‌లో పెట్టే మీటర్లకి ఇంకో సమస్య ఉంది. 16వ పిన్నులో తాళం తీసినా కరెంటు ఉంటుంది. బండి ఆపినా నిద్రపోని మీటర్ 100 మిల్లీ ఆంపియర్లు తింటుందనుకుందాం. రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ పదిహేను రోజుల్లో మొత్తం ఖాళీ, స్టార్ట్ కాకపోవడం అంతకంటే చాలా ముందే. ఉమ్రాకి వెళ్లొచ్చి ఇంటి ముందు బండికి తాళం తిప్పితే టిక్ టిక్ అనేది ఇందుకే. ఊరెళ్లే ముందు ప్లగ్ తీసేయండి. అనుమానం ఉంటే, డోర్లన్నీ మూసి అరగంట ఆగాక బ్యాటరీ మైనస్‌కి వరుసలో మల్టీమీటర్ పెట్టి చూడొచ్చు. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఏదో తింటోందని అర్థం. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టారంటే మాత్రం మల్టీమీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది.

ముట్టుకోకూడనివి

పసుపు రంగు కనెక్టర్, పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిమీద టెస్ట్ బల్బు పెట్టడం కూడా ప్రమాదమే, బల్బు గుండా వెళ్లే ఆ కాస్త కరెంటే ఎయిర్‌బ్యాగ్ పేలడానికి చాలొచ్చు. చక్రాల దగ్గరి ఏబీఎస్ సెన్సర్లు, క్రాంక్ సెన్సర్ సిగ్నల్ చాలా సున్నితమైంది. అక్కడ జాయింట్ వేస్తే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు.

కంపెనీ మీటర్ బోర్డే తీసేసి కొత్త స్క్రీన్ పెట్టమనేవాళ్లకి ఉస్తాద్‌లు చాలామంది వద్దనే చెబుతారు, నాకూ అదే సరైనదనిపిస్తుంది. కిలోమీటర్ల లెక్క, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ హెచ్చరికలు అందులోనే ఉంటాయి. కొన్ని కార్లలో తాళం గుర్తుపట్టే వ్యవస్థ కూడా దానితోనే ముడిపడి ఉంటుంది. పాత బండ్లలో ఇంకో తమాషా. బ్యాటరీ బొమ్మ లైటు గుండా వెళ్లే కరెంటుతోనే ఆల్టర్నేటర్ మేల్కొంటుంది. బోర్డు తీసేస్తే ఛార్జింగే మొదలవదు. కొత్త మీటర్ పక్కన ఉండాలి, పాతదాని స్థానంలో కాదు.

వారంటీ, ఇన్సూరెన్స్

వారంటీలో ఉన్న బండికి వైరు కోసి జాయింట్ వేస్తే, ఆ తర్వాత కరెంటు సంబంధ లోపం ఏదొచ్చినా వేలు మీ వైపే చూపిస్తారు. ప్లగ్ మీటర్‌తో ఆ గొడవ తక్కువ, సర్వీసుకి ఇచ్చే ముందు పీకేస్తే సరి. సర్వీసువాళ్ల స్కానర్, మీ మీటర్ రెండూ ఒకే పోర్ట్ మీద అడిగితే జవాబులు కలగాపులగం అవుతాయి, ఆ కారణంగా కూడా తీసేయడమే మంచిది.

ఇన్సూరెన్స్‌లో బండితో పాటు రాని ఎలక్ట్రానిక్ సామానుకి కవర్ దానంతట అదే రాదు. మోటార్ టారిఫ్‌లో ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ ఉంది. సామాను విలువ చెప్పి, దాని మీద 4 శాతం కడితే పాలసీలో చేరుతుంది. 8,000 రూపాయల డ్యాష్‌కి 320 రూపాయలు, జీఎస్టీ అదనం. బిల్లు ఉండాలి. బిల్లు లేకుండా బిగించే షాపులో వంద రెండొందలు మిగుల్తాయి కానీ, షార్ట్ సర్క్యూట్ క్లెయిమ్ వచ్చిన రోజు సర్వేయర్ మొదట అడిగే కాగితం అదే.

మామూ ఆ పాత జాయింట్ తీయించాడు. గీకిన చోట వైరుని సోల్డర్ చేసి, హీట్ స్లీవ్ తొడిగించాడు. ఇప్పుడు ఓబీడీలో పెట్టే చిన్న మీటర్ వాడుతున్నాడు. మొన్న మెహిదీపట్నం సిగ్నల్ దగ్గర ఏసీ ఆపి నాకు చూపించాడు. 94, 95, 96... 97 రాగానే ముందు నుంచి ఫ్యాన్ శబ్దం వినిపించింది. గ్రీన్ పడేలోపు 91కి దిగింది.